చుట్టం పెట్టిన దూది

పోతురాజు ఛాతీమీద ఇత్తడి బిళ్ళ వెలిసిన నాటినుంచి తీరంలో అందరూ ఆయన్ని బిళ్ళ పోతురాజు అనడం మొదలుపెట్టారు. కూలీలను పోగుచేసి ఓడలెక్కించి, తలకింతని పుచ్చుకునే పని ఆయనది. ఆ పని చేసేవాడు సర్కారు అనుమతి పొంది, బిళ్ళ తగిలించుకునే తిరగాలని కొత్తగా చట్టం వచ్చింది. చట్టం వస్తే మిగతావాళ్ళు భయపడ్డారు. పోతురాజు దాన్ని చుట్టం చేసుకున్నాడు.

అసలు చుట్టం ఒకడున్నాడు, బావమరిది గంగయ్య. బావ చెబితే బావిలోకైనా దిగే మనిషి. ఆ ఏడు గాలివానకు పడవ ముక్కలై, వల ఉండీ వేట లేక గట్టుమీద కూర్చున్నాడు. ఇంట్లో భార్య రత్తమ్మకు నెలలు నిండుతున్నాయి.

"రంగం పోదువుగాని," అన్నాడు పోతురాజు. రంగూన్‌ను ఇక్కడివాళ్ళు రంగమనే అంటారు. "బియ్యం మిల్లులో పని. కాస్త వెనకేసుకుని వచ్చేత్తే కొత్త పడవ కట్టుకోవచ్చు."

"బిడ్డ పుట్టే వేళకి ఉండను కదా బావా."

"బారసాలకి లేకపోతే ఏంట్రా, అన్నప్రాసనకి నువ్వే ముద్ద పెడతావు. నాదీ పూచీ."

గంగయ్య రంగానికి సిద్ధమయ్యాడు. పోతురాజు అప్పటికే రంగం సిద్ధం చేశాడు. ఒక్క చిక్కు మిగిలింది.

"కాకినాడలో దొర ముందు నిలబడాలి. ఎక్కడికి వెళ్తున్నావని ఒక్కొక్కణ్ణీ అడిగి రాసుకోవాలంట. చట్టం."

గంగయ్య మొహం మాడిపోయింది. నీళ్ళమీదికి పోయేవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునం, పడవ కదలదు. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. రత్తమ్మ కూడా ఆ మాట అడగకుండా నోరు కుట్టుకుని ఉంది.

"ఓడెక్కేవాణ్ణి పట్టుకుని ఎక్కడికంటారా? ఆళ్ళకి పెద్దోళ్ళు చెప్పలేదా బావా?"

"దొరలకి శకునాలుండవురా, సంతకాలే. దానికి మందు నా దగ్గరుంది. నువ్వూ, నీతో వచ్చే కూలీలూ అందరూ చెవుల్లో దూది పెట్టుకోండి. వినబడని శకునం తగలదు. ఆయన అడిగేది అడుగుతాడు, మీరు తలలూపండి. ఆయన చట్టం ఆయనకి దక్కుద్ది, మన శకునం మనకి దక్కుద్ది."

తలలూపితే తనకు తలకింత దక్కుతుందన్న ముక్క మాత్రం చెప్పలేదు.

బయలుదేరే పొద్దున గంగయ్యకు దూది పెట్టింది అక్క అచ్చాయమ్మ. పోతురాజు పెళ్ళాం. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఏ అక్కరకైనా అక్కే. నువ్వులనూనెలో ముంచిన దూదిని ఒత్తిలా పేని ఒక చెవిలో పెట్టింది, రెండో చెవిలో పెట్టింది. తర్వాత వాడి గడ్డం పట్టుకుని ఏదో చెప్పింది. పెదవులు చాలాసేపు కదిలాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపులమ్మ తల్లికి మొక్కుతోందనుకున్నాడు గంగయ్య. దొర దగ్గర ఊపాల్సిన తలే కదా, అలవాటవుతుందని అక్కకు కూడా ఊపాడు.

కాకినాడ కచేరీలో అందరికంటే ముందు గంగయ్యనే నిలబెట్టారు. దొర పెదవులు కదిలాయి, పక్కనున్న దుబాసీ పెదవులు కదిలాయి. గంగయ్య తల కదిలింది. వేలిముద్ర పడింది.

పని అయిపోయిందని వరండాలోకి వచ్చి, నూనె కారి దురదపెడుతున్న చెవుల్లోంచి దూది లాగాడు. లోపల దుబాసీ గొంతు వినబడింది.

"లోవరాజూ, మోరీసు దీవిలో చెరకు తోటల పనికి, ఐదేళ్ళ కరారు మీద, ఇష్టపడే వెళ్తున్నావా?"

దూది పెట్టుకున్న లోవరాజు చిరునవ్వుతో తలూపాడు.

గంగయ్య లోపలికి నడిచి, దొర బల్ల పక్కనున్న బావ ఎదట నిలబడ్డాడు. "మోరీసంటాడేంటి బావా? ఐదేళ్ళేంటి?"

పోతురాజు తడబడలేదు. మెల్లిగా, విసుగ్గా అడిగాడు. "దూది ఎందుకు తీశావు?"

గంగయ్య లోవరాజు చెవుల్లోంచి ఒత్తులు లాగి దొర బల్లమీద పెట్టాడు. తర్వాతివాడివీ, ఆ తర్వాతివాడివీ లాగాడు. బల్లమీద నూనె మరకలు చూసి దొర దుబాసీని అడిగాడు, దుబాసీ గంగయ్యను అడిగాడు. ఈసారి గంగయ్య నోటితో చెప్పాడు. రాసిన పేర్లు కొట్టేశారు. బంట్రోతు వచ్చి బిళ్ళ ఊడదీశాడు. జవాన్ల మధ్య నడుస్తూ కూడా పోతురాజు దుబాసీతో, "వీడు నా సొంత బావమరిదేనండి," అన్నాడు, అదేదో పొరపాటు సర్దే మాటలాగా.

గంగయ్య ఊరు చేరి, తన ఇంటికి పోకుండా అక్క వాకిట్లోకి వెళ్ళాడు. అచ్చాయమ్మ చాపమీద ఎండుచేపలు తిరగేస్తోంది. తమ్ముణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు. లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కూర్చుని తాగరా."

గంగయ్య చెంబు అందుకోలేదు. "బావ మమ్మల్ని అమ్మేది మోరీసుకని నీకు ముందే తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఒక్కమాట నాకు చెప్పలేకపోయావా?"

"చెప్పకపోతే పాపం కదరా. చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

అచ్చాయమ్మ చెంబు కింద పెట్టి మళ్ళీ చేపల ముందు కూర్చుంది.

"దూది పెట్టాక. నువ్వు సరేనని తల కూడా ఊపావు."