చక్రం కింది దిమ్మ

ఆ మంగళవారం పొద్దున ఆకాశం తూర్పున తెల్లగా, శుభ్రంగా ఉంది. పడమట కొండల మీద మాత్రం ఒక మబ్బు, తడిసిన గోనెపట్టా దండెం మీద వేసినట్టు, కదలకుండా వేలాడుతోంది. గంగునాయుడు జీపు పక్కన నిలబడి తల మొత్తం ఎడమకి తిప్పి చూశాడు. మళ్ళీ మొత్తం కుడికి తిప్పి చూశాడు, కోడి చూసినట్టు. మామూలుగా మనుషులు అలా చూడరు. కంటి చివరతో చూసేస్తారు. ఆ తేడా నాకు తెలుసు. ఆ ఇంట్లో మరెవరికీ తెలియదు.

నేను ఒక చెక్క దిమ్మను. జానెడు ఎత్తు, జానెడున్నర పొడవు. ఒక పక్క ఏటవాలుగా ఉంటాను. ఎత్తులో జీపు ఆగినప్పుడు దొర్లిపోకుండా నన్ను చక్రం కింద పెడతారు. నా పని అంతే. ప్రయాణం సాగినంతసేపూ సీటు కింద పడి ఉంటాను, అది ఆగాక నా పని మొదలవుతుంది. బాగున్న చోటల్లా జనం దిగి లోయ చూస్తారు. నేను టైరు చూస్తాను.

పుట్టింది తుమ్మచెట్టుగా. కొండ కింద కోట అనే ఊరి దగ్గర ఒక బెల్లం రైతు ఎడ్లబండికి, చక్రం నడుమ ఇరుసు దూరే మొద్దుగా ముప్పయ్యేళ్ళు తిరిగాను. చక్రం విరిగాక వడ్రంగి నన్ను నాలుగు ముక్కలు చేశాడు. మూడు పొయ్యిలోకి పోయాయి. నాలుగోది వెదురు లారీ ఎక్కింది. తిరగడం మాత్రమే తెలిసిన నాకు ఆపడం నేర్పారు. ఆ లారీకి అప్పుడు క్లీనరు గంగునాయుడు. అనంతగిరి ఘాటీ కొండదారిలో, లారీ ఒక్కసారికి తిరగలేని మలుపుల దగ్గర, నన్ను చంకలో పెట్టుకుని వెనకచక్రం పక్కన పరిగెత్తేవాడు. డ్రైవరు "దిమ్మెయ్!" అని అరవగానే సరిగ్గా టైరుకి ఆనించి పెట్టేవాడు. తర్వాత సొంతంగా పాత జీపు కొన్నాడు. లారీ వదిలేసి వస్తూ నన్ను తనతో తెచ్చేసుకున్నాడు. లారీ యజమానిని అడిగి తెచ్చాడని మాత్రం చెప్పలేను.

ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు అదే ఘాటీ. అప్పుడు "దిమ్మెయ్!" అని అరిచే వంతు గంగునాయుడిది, పరిగెత్తే వంతు తవుడు అనే క్లీనరుది. పోయిన వానాకాలం ముందు తవుడు ఆటో కొనుక్కుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి గంగునాయుడే దిగి నన్ను పెడుతున్నాడు. నాకు విషయం తెలిసింది అప్పుడే.

మొదట బెత్తెడు దూరంలో పెట్టాడు. తర్వాత, ముందు ఎడమచేత్తో టైరు తడిమి చూసుకుని పెట్టడం మొదలుపెట్టాడు. ఒకనాడు నన్ను టైరుకి జానెడు ఎడంగా పెట్టి, లేచి టీకి వెళ్ళిపోయాడు. జీపు మెల్లగా నా దాకా దొర్లుకుంటూ వచ్చి ఆగింది. లోపల పద్నాలుగు మంది ఉన్నారు. గాలికి ఊగిందనుకున్నారు.

గంగునాయుడు పట్నం కంటాసుపత్రికి వెళ్ళొచ్చాడు. సాటి డ్రైవరు దాలినాయుడికి ఒక్కడికే చెప్పాడు.

"నీటికాసులంటరా. పక్కలు మూసుకుపోతన్నాయి. గొట్టంలోంచి సూసినట్టుంది నాకు. పోయింది మరి రాదంట."

దాలినాయుడు వెలిగించబోయిన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. "మరి జీపు?"

"అమ్మీసినాను. కొన్నోళ్ళు బుధవారం తోలుకెళ్ళిపోతారు. జనాన్ని ఎక్కించడం మానీసినాను. ఒక్కటే ఉండిపోనాది. ముత్యాలుకి ఘాటీ సూపిస్తానని పెళ్ళప్పుడు మాటిచ్చినాను."

"ఈ కళ్ళతోటి పైకెక్కుతావేటిరా?"

"మలుపులు నాకు లెక్క తెలుసు."

మనుషుల సంగతి నాకు అర్థం కానిది ఇక్కడే. పరాయివాళ్ళని ఎక్కించుకోవడం తప్పని తెలిసింది. సొంతవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అదే తప్పు ముచ్చటగా కనిపించింది.

బుధవారానికి ముందురోజు ఆ మంగళవారం. బయల్దేరే వేళకి గంగునాయుడి అక్క బంగారమ్మ కూడా సంచితో దిగింది. ఆవిడని ఎవరూ పిలవలేదు.

"ఒరే గంగా, ముందు సీట్లో నాను కూకుంటాను. ఎనక కూకుంటే నాకు వాంతులు."

"ముందు ముత్యాలు కూకుంటాది అప్పా."

"ఓలమ్మో! పెళ్లయిన ఇరవయ్యేళ్ళకి పెళ్ళాం మీద మనసయినాదేటిరా నీకు!" అని వెనక ఎక్కి, నా మీద కాళ్ళు పెట్టుకుంది.

ముత్యాలు నవ్వి ముందు కూర్చుంది. ఒళ్ళో పులిహోర డబ్బా, కింద అడ్డాకు విస్తళ్ళ కట్ట.

ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాడు. ఎండ వెనక నుంచి పడుతోంది. ప్రతి మలుపుకి ముందూ హారన్ కొట్టి, జవాబు కోసం చెవి పెట్టి, అప్పుడు తిప్పేవాడు. పెదాలు కదులుతున్నాయి.

"ఏటి మావా, గొణుక్కుంటన్నావు?" అంది ముత్యాలు.

"మలుపులు లెక్కెడతన్నాను. ఊసుపోక."

ముత్యాలు చూడని చోటు లేదు. పొడుగాటి చెట్ల కింద కాఫీ తోటలు, మానులకి పాకిన మిరియాల తీగలు, ఎర్రమట్టి కోతలోంచి కారే నీళ్ళు. లోయకి అవతల రైలు కొండలోకి దూరుతుంటే చెయ్యి బయటపెట్టి చూపించింది. "అదిగో మావా! గొంగళిపురుగునాగ దూరిపోతంది సూడు!"

ఆమె చూపించిన చోటు ఎడమ పక్క. అతను తల తిప్పేలోపు రైలు సొరంగంలో ఉంది. "ఆఁ, సూసినాను," అన్నాడు.

మొదటిసారి ఒక జలపాతం దగ్గర ఆగాం. గంగునాయుడు నన్ను పెట్టి వెళ్ళాడు. ముత్యాలు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, తడి పాదాలతో వచ్చి నా దగ్గర నిలబడింది. మనుషుల్ని నేను పాదాలని బట్టి గుర్తుపడతాను. ఆమె పాదాలు పొలం గట్టు మీద నడిచినవి, మడమలు పగిలినవి. ఆ రోజు వాటికి తొందర లేదు.

"ఇదేటి మావా, దిమ్మ టైరుకి అందనేదు?"

"గాలికి జరిగుంటాది."

నేను గాలికి జరిగేదాన్ని కాను. ముత్యాలు ఇంకేమీ అనకుండా కాలితో నన్ను టైరు దాకా తోసింది. సరిగ్గా ఆనాను. ఆరు నెలల తర్వాత మొదటిసారి.

జనం దిగి లోయ చూసే గాలికొండ దగ్గరికి చేరేసరికి పొద్దున్నే దండెం మీద వేలాడిన మబ్బు కిందికి దిగి కూర్చుంది. పది అడుగుల అవతల ఏమీ లేదు. తెల్లటి గోడ. బంగారమ్మ కమ్మీ పట్టుకుని ఆ గోడని చూసింది.

"దీనికేనేటిరా నాను కోడి కూయకముందు లెగిసినాను? మా పొయ్యి ముందు కూకుంటే ఇంతకన్నా మంచి పొగ."

గంగునాయుడు ముత్యాలుని కమ్మీ దాకా తీసుకెళ్ళాడు. చెయ్యి చాచి చూపించడం మొదలుపెట్టాడు. ఇక్కడ కింద వరిమడి మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని పక్కన వాగు. వాగు దాటాక ఏడు ఇళ్ళు, ఒక దానికి మాత్రం కొత్త రేకు, ఎండకి మెరుస్తుంది. ఆ మూల కొండకి బోడి నెత్తి. అతని వేలు ఎక్కడా తడబడలేదు. ముత్యాలు వేలు పోయిన వైపల్లా తల తిప్పి చూసింది, ఉత్త తెల్లదనంలోకి.

"నీకు కనిపిస్తందేటి మావా?"

"నాకెప్పుడూ కనిపిస్తాది."

ఆ కాసేపు వాళ్ళిద్దరూ సమానం. ఇద్దరికీ ఏమీ కనబడటం లేదు, ఇద్దరూ చూస్తున్నారు. రోజంతా నాకు భయం లేని సమయం అదొక్కటే.

తిందామని డబ్బా తియ్యబోతే కోతులు దిగాయి. అరటిపళ్ళ అత్తం పట్టుకుపోయాయి. బంగారమ్మ వాటిని తిట్టిన తిట్లకి మనుషులైతే తిరిగిచ్చేసేవాళ్ళు. డబ్బా మూత పెట్టేలోపు చినుకు మొదలైంది. గంగునాయుడు మొహం పైకెత్తి చినుకుని మొహం మీద పట్టుకున్నాడు. "ఎల్లిపోదాం. ఇంక అరకు దాకా వద్దు," అన్నాడు.

"అరకు సూపిస్తానని తెచ్చి కోతుల్ని సూపించినాడు," అని బంగారమ్మ నా మీద కాళ్ళు జాపుకుంది.

దిగడం వేరు. వాన అద్దాన్ని కడుగుతోంది, మబ్బు కడగనివ్వడం లేదు. దిగేటప్పుడు ఈ మలుపుల దగ్గర లోయ ఎడమ పక్కన, ముత్యాలు వైపు. అతను లెక్కని వెనక నుంచి ముందుకి లెక్కపెడుతున్నాడు. ఇరవై మూడు, ఇరవై రెండు. సీటు కింద నాకు ఇంజను మోత కంటే ఆ లెక్కే గట్టిగా వినిపించింది. ఇరవయ్యేళ్ళ లెక్క అది. తప్పు లేదు. కానీ పన్నెండో మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పొద్దున ఎక్కేటప్పుడు జెండా పట్టుకున్న మనిషొకడు దారి చూపించాడు. వానకి ఆ మనిషి లేడు. అంచున సున్నం కొట్టిన రాళ్ళు తీసేశారు. పాత మలుపు ఉన్నచోట మలుపు లేదు.

గంగునాయుడు లేని మలుపు తిప్పాడు.

ముందు ఎడమచక్రం మెత్తటి మట్టిలోకి దిగింది. బ్రేకు పడింది. బండి ఆగింది, ఆగలేదు. తడి కంకర మీద అంగుళం అంగుళం జారుతోంది. ముత్యాలు కిటికీలోంచి కిందికి చూసింది. కింద తెల్లగా ఉంది.

"దిమ్మెయ్!" అని అరిచాడు గంగునాయుడు.

ఎవరిని? తవుడు కోటలో ఆటో తోలుకుంటున్నాడు. అరిచాక అతనికీ గుర్తొచ్చింది. బ్రేకు మీంచి కాలు తియ్యలేడు.

ముత్యాలు సీటు మీదుగా వెనక్కి పాకింది. బంగారమ్మ కాళ్ళ కింద నుంచి నన్ను లాగి, వెనక నుంచి దూకింది. ఆ చేతులు అంతకుముందు నన్ను ఎప్పుడూ ఎత్తలేదు.

"ఏ పక్క?"

"కుడి ఎనక చక్రం! ముందేపు! టైరుకి తగలాల! తగిలిందేటి?"

"తగిలింది!"

బండి బరువంతా నా ఏటవాలు మీదికి వచ్చింది. కంకరలో నా కింది అంచు దిగబడింది. లోపల ఎక్కడో, చక్రంలో తిరిగిన రోజుల నాటి నరం ఒకటి టప్పున పగిలింది. పగిలితే పగిలింది. నేను కదల్లేదు.

"అప్పా, దిగు!"

"కాళ్ళు రావట్లేదురా నాయనా!"

"కాళ్ళు రాకపోతే దొర్లు!" అని ముత్యాలు ఆవిడని రెక్క పట్టి లాగేసింది.

ఇంజను ఏడుస్తూ వెనక్కి లాగింది. చక్రం బెత్తెడు వెనక్కి జరిగితే ముత్యాలు నన్ను బెత్తెడు దాని వెంట తోసింది. మళ్ళీ బెత్తెడు, మళ్ళీ నేను. ఆమె వేళ్ళు టైరుకి ఎంత దగ్గరగా వచ్చాయో నాకు తెలుసు. గాజు ఒకటి నా మీద పగిలింది. ఏడోసారికి నాలుగు చక్రాలూ రోడ్డు మీద ఉన్నాయి.

ముత్యాలు నన్ను ఆనించి, లేచి, గంగునాయుడి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అతను ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె తన అరచేతిని అతని చెంప పక్కన, జానెడు దూరంలో పెట్టి అటూ ఇటూ ఆడించింది. అతను తల తిప్పలేదు.

చెయ్యి దించేసింది.

"ఎన్నాళ్ళయింది?"

అతనికి అప్పుడు తెలిసింది ఆమె అక్కడుందని. "పోయిన వానలప్పటి నించి."

"నాకు సెప్పనేదేటి?"

"సెప్తే నువ్వు ఘాటీ సూసేదానివి కాదు కదా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఘాటీలో కూర్చుని ఏడ్చే వీలు లేదు. నన్ను తీసి చంకలో పెట్టుకుంది. "నాను ఎడమంచున నడుత్తాను. నా గొంతు నీ ఎడం సెవిలో ఉండాల. వదినా, నువ్వు కొండ పక్కన నడు. మాటాడుతూనే ఉండు."

బంగారమ్మని ఎవరైనా మాట్లాడమనడం ఆవిడ బతుకులో అదే మొదటిసారి. ఏమైందో ఆవిడకి పూర్తిగా తెలియదు. అడగలేదు కూడా. కొంగు నెత్తిన వేసుకుని మొదలుపెట్టింది: కోతుల గురించి, తడిసిన చీర గురించి, చచ్చిపోయిన మొగుడి గురించి, ఊళ్ళో చెరకు ఆడని గానుగ గురించి. కుడి పక్క ఆ సణుగుడు, ఎడమ పక్క "రా... రా... ఇటు కొంచెం... సాలు" అనే గొంతు. ఆ రెండింటి మధ్య జీపు మొదటి గేరులో, ఎడ్లబండి నడకలో, పన్నెండు మలుపులు దిగింది. బంగారమ్మ గొంతు రెండుసార్లు బొంగురుపోయింది. ఆగినప్పుడల్లా జీపు కూడా ఆగేది. ఆవిడ గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకునేది.

కొండ దిగాక అమ్మవారి గుడి ముందు, డ్రైవర్లు కొబ్బరికాయ కొట్టే రేకుల చావడిలో ఆగాం. వాన వెలిసింది. పొద్దు ఇంకా ఉంది. వెనక్కి చూస్తే కొండలు శుభ్రంగా, ఆకు ఆకూ లెక్కపెట్టేటట్టు కనబడుతున్నాయి. ఎవరూ వెనక్కి చూడలేదు. మర్నాడు జీపు తోలుకెళ్ళినవాళ్ళు సీటు కింద నా కోసం వెతికారు. ముత్యాలు లేదని చెప్పింది. ఇప్పుడు వాళ్ళ వీధి తలుపుకి ఆనుకుని, ఒక పక్క పగులుతో, నా పని నేను చేసుకుంటున్నాను. కానీ ఆ సాయంత్రం ఇంకా జీపు ఉంది. ముత్యాలు నన్ను చక్రం కింద పెట్టి, తగిలిందో లేదో కాలితో తోసి చూసుకుంది.

మూడు అడ్డాకులు పరిచింది. పొద్దుటి పులిహోర గడ్డకట్టి ఉంది. వేళ్ళతో విడదీసి, నంజుకోడానికి తలా ఒక ఉల్లిపాయ ముక్కతో ముగ్గురికీ పెట్టింది. తిన్నారు.

గంగునాయుడి చెయ్యి నీళ్ళ గ్లాసు కోసం ఆకు పక్కన నేల మీద తడిమింది. గ్లాసు దానికి బెత్తెడు అవతల ఉంది. ముత్యాలు తల ఎత్తకుండానే గ్లాసు తీసి, అతని ఆకుకి ఎదురుగా, సరిగ్గా నడుమ పెట్టింది. బంగారమ్మ నోటి దాకా తీసుకున్న ముద్ద అక్కడే ఆగిపోయింది. తమ్ముడి మొహం వంక చూసింది. గ్లాసు వంక చూసింది. కాసేపటికి ముద్ద ఆకులో దించి, అతని ఆకు అంచున పడి ఉన్న ఉల్లిపాయ ముక్కని ఒక వేలితో మెల్లగా నడిమికి జరిపింది.

అతను దాన్ని చూశాడు. తీసుకుని తిన్నాడు.