ఆదిమూలం ఈత పరీక్ష

ఆదిమూలం ఇసుక జల్లిస్తున్నాడు. గుడియాత్తంలో కొత్తగా లేస్తున్న ఇంటి ముందు, ఎండ ఇంకా పడని వేళ. రోజూ బస్సు వచ్చేదాకా కూలి, తర్వాత వేలూరులో చదువు. వ్యాయామ విద్య డిగ్రీ, మూడో ఏడు. భుజాలు వెడల్పు, పిక్కలు రాళ్లు. అరచేతులు మాత్రం ముసలివాడివి. బస్సు వేళకు జల్లెడ గోడకు ఆనించాడు.

"ఏం నాయనా, గంజి తాగకుండానే పోతాండావు?" అన్నది చెల్లమ్మ. అతని తల్లి. అక్కడే ఇటుకలు మోస్తుంది.

"ఈత పరీక్ష ఉండాది అమా. కడుపు ఖాళీగా ఉండల్ల."

గంజి గిన్నె వైపు చూడకుండా బస్సుకు నడిచాడు.

వాళ్లది బావులు తవ్వే ఇల్లు. చిన్ననాటి నుంచీ తాడు పట్టుకొని బావుల అడుగుకు దిగినవాడే. చీకటికి భయం లేదు, రాళ్లు పేల్చే మందుకు భయం లేదు. ఊట తగిలితే మాత్రం పైకి రావాలి. అది ఇంటి కట్టుబాటు. ఒడుగత్తూరు పక్కన ఒకసారి బండ పగిలి నీళ్లు ఒక్కపెట్టున తన్నుకొచ్చాయి. మేనమామ చెంగల్రాయలు పైకి రాలేదు. పైన గట్టు మీద తాడు పట్టుకొని నిలబడింది ఆదిమూలమే.

తర్వాత బోరు లారీలు వచ్చాయి. ఊరూరా బావుల పని పోయింది. డ్రిల్లు మాస్టరయితే నెల జీతం వస్తుందని చెల్లమ్మ కొడుకును కాలేజీలో చేర్పించింది. పరుగులో, గుండు విసరడంలో అతడే ముందు. ఈత ఒక్కటే మిగిలింది. అది తప్పితే డిగ్రీ లేదు.

కాలేజీకి ఈత కొలను లేదు. పక్కనున్న పాలారు ఏట్లో నీళ్లు లేవు, ఇసుకే. అందుకని పిల్లలను ఒక రైతు బావికి తీసుకుపోయారు. ఆదిమూలం గట్టు మీద నుంచి తొంగి చూశాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి. గోడ మీది గునపం గాట్లు కిందికి దిగి, నీళ్లలో కలిసి కనబడకుండా పోతున్నాయి.

"బావులు తవ్వినోళ్లింట్లో పుట్టి నీళ్లకు దడుసుకునేది నువ్వొకడివేప్పా," అన్నాడు తోటి విద్యార్థి కార్తి, తల తుడుచుకుంటూ.

"నీళ్లు పడేదాకానే మా పని," అన్నాడు ఆదిమూలం. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

మెట్టురాళ్ల మీదుగా దిగాడు. నీళ్లు మోకాళ్లకు, నడుముకు, రొమ్ముకు వచ్చాయి. రాయిని పట్టుకున్న వేళ్లు విడవలేదు. 

పరీక్ష పెట్టే బాలచంద్రన్ సారు కింది మెట్టు దాకా దిగి వంగాడు. మంచి మనిషి.

"సరి పోప్పా. గోడ పట్టుకోనే ఆ పక్కకు పో. పాసని రాసేస్తాను. ఎవరు చూస్తారు?"

ఆదిమూలం అవతలి గోడను చూశాడు. పట్టుకొని పోవడం చేతనవును. సారు వైపు తిరిగాడు.

"వద్దు సారూ. రేపు నన్ను నమ్మి పిల్లోళ్లను పంపిస్తారు. ఎవడన్నా నీళ్లలో పడితే నేను గట్టు మీద నిలబడుకోని చూస్తా ఉంటాను. ఒకసారి చూసినాను."

"మూడేండ్ల చదువప్పా."

"అవును సారూ."

పైకి ఎక్కాడు. తడి నిక్కరు మీదే చొక్కా తొడుక్కుని పొలంగట్టు వెంట రోడ్డు వైపు నడిచాడు. ఎవరూ పిలవలేదు. గుడియాత్తం బస్సు ఆగింది, అతన్ని ఎక్కించుకొని పోయింది. మరునాడు కాలేజీకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

బావి గట్టు మీద అతని కాన్వాసు బూట్లు ఉండిపోయాయి, కొత్తగా సుద్ద పూసి, నాడాలు లోపలికి మడిచి పెట్టినవి.