వారానికి పన్నెండు గంటలు

"ఊరందరి జాకెట్లు కుడ్తవు, మొగనికి ఒక్క సూది గుచ్చరాదా?" అంది మా అత్త అమృతమ్మ, నేను బియ్యం ఏరుతుంటే. తలెత్తలేదు. నా మొహం చూస్తే కనిపెట్టేస్తుందని భయం.

మా ఆయన రత్నాకర్‌కి కిడ్నీలు పోయి రెండేళ్లు. వారానికి మూడుసార్లు కొండపాక నుంచి సిద్దిపేట దవాఖానకు డయాలసిస్ కోసం తీసుకెళ్తాను. ఇప్పుడు మిషన్ ఇంట్లోనే పెట్టుకోవచ్చట, ఇంట్లో ఒకరు నేర్చుకుంటే చాలట. ఆ ఒకరు ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆయనకు అదే మంచిదని నాకూ తెలుసు, ఈ బస్సుల తిప్పలు తప్పుతాయి. అయినా దవాఖానలో రబ్బరు చేతి మీద సూది గుచ్చడం నేర్పుతుంటే రెండుసార్లూ చెయ్యి వణికించాను. కావాలనే.

ఎందుకో చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన మిషన్ మీద ఉండే ఆ నాలుగు గంటలూ నన్నెవరూ పిలవరు. అన్నం పెట్టమనరు, మందులేవనరు, గ్లాసుతో నీళ్లు కొలిచివ్వక్కర్లేదు. బయట బెంచీ మీద ఊరికే కూర్చుంటాను. ఒక్కోసారి మిర్చిబజ్జీలు కొనుక్కుని ఎవరికీ పంచకుండా మొత్తం నేనే తింటాను. లోపల మొగుడి రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే బయట బజ్జీలు తినేదాన్ని ఏమనాలి? ఛీ, నా మీద నాకే అసహ్యం. అయినా ఆ గంటలు వదులుకోలేకపోతున్నాను.

ఇవాళ మూడోసారి. నర్సు షరీఫా మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. మళ్లీ వణికించాను.

"డిగ్రీ చదివినవ్, గిదొక్కటి రాదాయె" అన్నాడాయన.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమాడేదీ నేనే, ఏడ్చేదీ నేనే. ఇక చాలు, ఒప్పేసుకుందాం అనుకున్నాను.

అంతలో షరీఫా ఆయన వైపు తిరిగింది. చాలామంది పేషెంట్లు తమ సూది తామే గుచ్చుకుంటారని, మిషన్ నడపడమూ నేర్చుకుంటారని, పక్కన ఒక మనిషి ఉంటే చాలని చెప్పింది. ఎడమ చేతికే కదా గుచ్చేది, కుడి చెయ్యి ఖాళీయే కదా అంది.

"నేనా? నాతోని కాదమ్మా. భయమైతది."

షరీఫా సరేనంది. అంతే. చదువు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయన కళ్లయినా దించుకోలేదు. భయమని అంత తేలిగ్గా చెప్పేయొచ్చని నాకు నలభై ఏళ్లకు తెలిసింది.

సూది తీసుకుని రబ్బరు చేతి నరంలోకి ఒక్కసారే దించాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"నాకు మొదటి దినమే వచ్చింది సిస్టర్" అన్నాను. "ఈయనకు నేర్పున్రి. ఈయన నేర్సినంకనే మిషన్ మా ఇంటికి."