మూడో అంతస్తులో పిస్టల్

మా కౌంటీ కోర్టు భవనం మూడో అంతస్తులో, ఆడవాళ్ళ టాయిలెట్‌లో, ఒక మంగళవారం పొద్దున పిస్టల్ దొరికింది. అది నాది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు సులువు.

నా పేరు ఆర్లిస్ పెన్నర్. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా అక్కడ దస్తావేజుల రిజిస్ట్రార్‌ని. కాన్సాస్ రాష్ట్రంలో పడమటి వైపు, గోధుమ పొలాల మధ్య చిన్న కౌంటీ మాది. భూమి ఎవరు ఎవరికి రాసిచ్చినా ఆ కాగితం నా బల్ల మీదకు రావాలి, నేను ముద్ర వేయాలి. రాసివ్వడం న్యాయమా కాదా అని అడగడం నా పని కాదు. సంతకం ఉందా, సాక్షి ఉన్నాడా, అంతే.

ఆ ఏడాదికి ముందు రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ భవనాల్లోకి తుపాకులు రాకూడదంటే ప్రతి తలుపు దగ్గరా సోదా చేసే యంత్రం పెట్టాలి, దాని పక్కన ఆయుధంతో కాపలా మనిషి ఉండాలి. అది చేతకాకపోతే, బట్టల కింద తుపాకీ దాచుకుని వచ్చేవాళ్ళని ఆపకూడదు. మా భవనానికి నాలుగు తలుపులు. కౌంటీ మొత్తానికి షెరిఫ్ దగ్గరున్న పోలీసులు, అంటే డిప్యూటీలు, నలుగురు. వాళ్ళందర్నీ తలుపుల దగ్గర నిలబెడితే బయట దొంగల్ని పట్టుకోవడానికి ఎవరూ మిగలరని కౌంటీని నడిపే కమిషనర్లు ముగ్గురూ తేల్చి, తలుపుల మీదున్న 'తుపాకులు తేరాదు' బోర్డులు తీయించేశారు.

నేను ఒప్పుకోలేదు. ఇంటింటికీ తిరిగి నాలుగు వందల పన్నెండు సంతకాలు పోగు చేశాను. వారపత్రికకు ఉత్తరం రాశాను, ఫోటోతో సహా వేశారు. కమిషనర్లు సంతకాలు తీసుకుని, చాలా శ్రమ పడ్డారని మెచ్చుకుని, ఫైల్లో పెట్టారు.

ఆ తర్వాత నెలకు డ్వైట్ ఊల్‌మన్ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని తమ్ముడు మంచంలో ఉన్న తల్లి చేత నూట అరవై ఎకరాలు తన పేర రాయించుకున్నాడు. ఆ కాగితానికి ముద్ర వేసింది నేను. డ్వైట్ గొంతు పెంచలేదు. నా కారు ఏ రంగుదో, రాత్రి దాన్ని ఏ చెట్టు కింద పెడతానో చెప్పి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అతని కోటు కింద ఏముందో నాకు తెలియదు. తెలియకూడదన్నదే కదా ఆ చట్టం. ఆ శనివారమే నేను పక్క ఊరెళ్ళి శిక్షణలో చేరాను, పిస్టల్ కొన్నాను. అప్పట్నుంచి రోజూ నడుముకు పెట్టుకుని, పైన అల్లిన స్వెటర్ వేసుకుని ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. సంతకాల కాగితం మీద మొదటి పేరు నాదే మరి.

ఆ మంగళవారం పది దాటాక టాయిలెట్‌కు వెళ్ళాను. అక్కడ కొక్కెం లేదు, గూడు లేదు. పిస్టల్ తీసి, కాగితపు చుట్ట ఉండే ఇనుప డబ్బా మీద పెట్టాను. ఈలోగా బయట నుంచి మర్నా కేకేసింది. మర్నా మా ఎదురుగదిలో పన్నులు వసూలు చేస్తుంది. నాకోసం ఎవరో లాయరు వచ్చాడట, తొందరలో ఉన్నాడట. చేతులు కడుక్కుని పరుగున వచ్చేశాను. లాయరు వెళ్ళాక, కిందనున్న పుస్తకం అందుకుందామని వంగాను. నడుము దగ్గర ఏదీ గుచ్చుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది.

గడియారం చూశాను. పదిన్నర. వెళ్ళేసరికి టాయిలెట్ తలుపు ముందు పచ్చ బోర్డు నిలబెట్టి ఉంది, 'నేల తడి, జాగ్రత్త' అని. దాని వెనక లోరెన్ డుసెక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లోరెన్ మా అంతస్తు ఊడవడం, తుడవడం, భవనమంతటా బల్బులు మార్చడం, చలికాలంలో మెట్ల మీద మంచు తోయడం, అన్నీ చేసే మనిషి. అరవై ఏళ్ళుంటాయి. పెద్దగా మాట్లాడడు. నేల తడిగా ఉందనీ కింది అంతస్తుకు వెళ్ళమనీ నాకు చెప్పాడు. నేల పొడిగానే ఉంది. సరేనని తలూపి వెనక్కి వచ్చేశాను.

అప్పుడే నోరు విప్పి ఉండాల్సింది. కానీ నాకొక ఉపాయం తోచింది. లోరెన్ పదకొండున్నరకు భోజనానికి వెళ్తాడు. నేను చేరినప్పట్నుంచీ అంతే, ఐదు నిమిషాలు అటూ ఇటూ కాలేదు. అతను వెళ్ళగానే లోపలికి దూరి తెచ్చుకుంటే సరిపోతుంది. నా గది తలుపుకు అద్దం ఉంది. అందులోంచి అతను కనిపిస్తాడు. ఒక పాత రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను.

పదకొండింటికి మర్నా వచ్చి కబురు చెప్పింది. లోపల ఎవరిదో తుపాకీ ఉందట. లోరెన్ షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాడట. హైవే మీద పందుల లారీ బోల్తాపడితే ఉన్నవాళ్ళంతా అక్కడికే వెళ్ళారట, పందులు ఇంకా దొరకలేదట. ఫోనెత్తిన అమ్మాయి, వీధి అవతలేగా, నువ్వే పట్టుకొచ్చి ఇచ్చెయ్ అందట. నడుం నొప్పి, తేలేనన్నాడట లోరెన్.

"నడుం నొప్పా?" అంది మర్నా. "నిన్న నా బీరువా ఒక్కడే మోసుకొచ్చి పెట్టాడే. పిస్టలెంత బరువుంటుందేం?"

నాకు తెలియదన్నాను. ఐదు వందల గ్రాములు. తూటాలతో కలిపి ఇంకొంచెం ఎక్కువ.

పదకొండున్నరయింది. లోరెన్ కదల్లేదు. ఎవరైనా వస్తే బోర్డు చూపిస్తున్నాడు, వాళ్ళు గొణుక్కుంటూ మెట్లు దిగుతున్నారు. కౌంటీ రోడ్ల ఆఫీసు ముసలావిడ మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టూ దిగడం చూశాను. లోరెన్ మధ్యమధ్య తలుపు కొంచెం తోసి, అది అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నాడు. గడప మాత్రం దాటడంలేదు. ముఖం పాలిపోయింది. పన్నెండు గంటలకు మర్నా అతనికి క్యాబేజీ, మాంసం కూరిన బన్ను ఒకటి తెచ్చి ఇచ్చింది. దాన్ని తినకుండా కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

పన్నెండున్నర కాకముందే అతనే నా గది దగ్గరికి వచ్చాడు. తలుపు వారగా నిలబడి, ఒక కన్ను టాయిలెట్ మీదే ఉంచి, ఒక్క నిమిషం రమ్మని పిలిచాడు. వెళ్ళాను. నడవాలో ఇంకెవరూ లేరు.

"ఆర్లిస్ గారూ, మీకొక మాట చెప్పాలి. ఇంకెవరికీ చెప్పొద్దు," అన్నాడు.

చెప్పనన్నాను.

"నేను తుపాకీ ముట్టకూడదు. చట్టం ఒప్పుకోదు. ముట్టానంటే మళ్ళీ జైలే."

పందొమ్మిదేళ్ళప్పుడు నెబ్రాస్కాలో పెదనాన్న కొడుకుతో కలిసి బండిలో వెళ్ళాడట. ధాన్యం గిడ్డంగి ఆఫీసు ముందు ఆపమంటే ఆపాడట. అన్న లోపలికెళ్ళి వచ్చేదాకా ఇంజను ఆపకుండా పాటలు వింటూ కూర్చున్నాడట. అన్న చొక్కా కింద రివాల్వర్ ఉందని అతనికి మొదటిసారి తెలిసింది కోర్టులో, ప్లీడరు దాన్ని పైకెత్తి చూపించినప్పుడట. దోపిడీకి తోడు వెళ్ళాడని నాలుగేళ్ళు లోపలున్నాడు. బయటికొచ్చాక ఈ వైపు వచ్చి స్థిరపడ్డాడు. భార్యకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. నలభై ఏళ్ళలో వేటకు రమ్మన్న ప్రతివాడికీ నడుం నొప్పనే చెప్పాడు.

"వదిలేసి వెళ్దామంటే, కార్ల పన్ను కట్టడానికి వచ్చేవాళ్ళతో పిల్లలొస్తారు. ఏ పసిదాని చేతికో దొరికితే? తీద్దామంటే నా చెయ్యి పడకూడదు. షెరిఫ్ మనుషులు మూడింటి దాకా రారట. అందుకని మిమ్మల్ని అడుగుతున్నా. ఈ తుపాకులొద్దని ఊరంతా తిరిగింది మీరొక్కరే. మీకు అసహ్యమని తెలుసు. అయినా ఒక్కసారి పట్టుకెళ్ళి వాళ్ళకిచ్చేస్తారా?"

లోపలికి వెళ్ళాను. అతను తలుపు పట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు. పిస్టల్ ఇనుప డబ్బా మీద నేను పెట్టినట్టే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. మొన గోడవైపు తిప్పి, తూటాల అర జార్చి, పైభాగం వెనక్కి లాగి, లోపల మిగిలిన తూటా అరచేతిలోకి పట్టుకున్నాను. శిక్షణలో ప్రతి శనివారం ఇదే చేయించారు. చేతులు వాటంతటవే చేసేశాయి. ఆలోచించి ఉంటే చేసేదాన్ని కాదు.

తలెత్తితే లోరెన్ నా చేతుల్నే చూస్తున్నాడు. తర్వాత నా నడుము వైపు, స్వెటర్ పక్కకు జరిగిన చోట, ఖాళీగా ఉన్న తోలు ఒర వైపు చూశాడు.

"మీదే," అన్నాడు.

"నాదే."

"ఇక్కడుందని ఎప్పట్నుంచి తెలుసు?"

"పదిన్నర నుంచి."

అతను చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ చూశాను. పన్నెండు ముప్పై రెండు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను కూడా. అతను పచ్చ బోర్డు మడిచి చంకలో పెట్టుకుని, కిటికీ గట్టు మీది బన్ను తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. భోజనానికి గంట ఆలస్యమైంది.

డ్వైట్‌కు భయపడి ఇది కొన్నానని వెంట వెళ్ళి చెబుదామనుకున్నాను. రెండు గంటలు తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి నా భయం గురించి చెప్పడానికి మొహం చెల్లలేదు. పిస్టల్‌ని ఒకదాంట్లో, తూటాల్ని ఇంకోదాంట్లో, రెండు కాగితపు సంచుల్లో పెట్టి వీధి దాటి షెరిఫ్ ఆఫీసుకు వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

డిప్యూటీ కర్టిస్ మూడుంబావుకు వచ్చాడు. బూట్లకు బురద, పందుల వాసన. చిన్నప్పుడు మా చర్చిలో ఆదివారాలు నా దగ్గరే పాఠాలు చెప్పుకున్నాడు. జరిగింది చెప్పాను, లోరెన్ నాతో చెప్పిన మాట తప్ప. అతను ఫారం తీసి, నింపడానికి ఏ గడీ సరిపోతుందో చాలాసేపు వెతికాడు.

"ఇందులో నేరమేం లేదు ఆంటీ," అన్నాడు. "మీకు తెచ్చుకునే హక్కుంది. మర్చిపోవడం చట్టంలో లేదు."

"అంతేనా?"

"అంతే. ఈసారి జాగ్రత్త." కలం ఆగింది. "అవునూ, ఫోన్ చేసింది లోరెన్ కదా. తనే తెచ్చివ్వచ్చుగా? రెండు గంటలు అక్కడ నిలబడ్డమేంటి?"

"నా పిస్టల్ నేను పారేసుకున్నాను. దాన్ని అతనెందుకు ముట్టాలిరా?"

కర్టిస్ నన్ను ఒక క్షణం చూశాడు. అతనికేం తెలుసో, ఏం తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. నా పేరు ఒక్కటే రాసుకుని, ఫారం మడిచి సొరుగులో పడేసి, సంచులు రెండూ నా చేతికిచ్చాడు.

తర్వాతి సోమవారం కమిషనర్ల సమావేశంలో లేచి నిలబడి, ఆ పిస్టల్ నాదేనని అందరి ముందూ చెప్పాను. గదిలో పన్నెండు మంది ఉన్నారు, పత్రిక అమ్మాయితో సహా. మర్నా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, అయితే ఆ బోర్డులు మళ్ళీ పెట్టాలన్న కోరిక వెనక్కి తీసుకుంటారా అని అడిగాడు. లేదు, పెట్టాలనే ఇప్పటికీ అంటున్నానన్నాను. కొందరు నవ్వారు. 'ఒక పౌరురాలు తన అభిప్రాయం చెప్పారు' అని మినిట్సులో రాశారు. ఆ వారం పత్రికలో మళ్ళీ నా ఫోటో వేశారు, పాతదే.

పిస్టల్ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాను. డ్వైట్ గురించి కర్టిస్‌కు చెప్పాను. మొదట చేయాల్సిన పనే అది. కర్టిస్ వెళ్ళి అతనితో మాట్లాడి వచ్చాడు. ఆ తర్వాత డ్వైట్ నా బల్ల దగ్గరకు రాలేదు.

లోరెన్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నేను గదిలో లేనప్పుడు చూసి చెత్తబుట్ట ఖాళీ చేసేవాడు. ఈలోగా నేను నెబ్రాస్కా క్షమాభిక్ష బోర్డుకు రాసి దరఖాస్తు తెప్పించాను. కాగితాలతో బతికే మనిషిని, నాకు చేతనైంది అదొక్కటే. ఒక సాయంత్రం అతను నడవా తుడుస్తుంటే దగ్గరికెళ్ళి ఇచ్చాను. మంజూరైతే అతని హక్కులు తిరిగొస్తాయనీ, నింపడానికి సాయం చేస్తాననీ చెప్పాను.

అతను తుడుపుకర్ర గోడకు ఆనించి, మొదటి పేజీ అంతా చదివాడు. రెండోది కూడా చదివాడు. తర్వాత మడిచి నాకే ఇచ్చేశాడు.

"నాకు తుపాకీ వద్దండీ. ఎప్పుడూ కావాలనుకోలేదు," అన్నాడు. "ఆ రోజు నాకు కావాల్సిందల్లా, ఆ తలుపు దగ్గర్నుంచి ఎవరైనా నన్ను పంపించెయ్యడమే."

క్షమించమన్నాను. చాలా ఆలస్యంగా అడుగుతున్నానని కూడా అన్నాను. అతను తలూపాడు. క్షమించాడో, విన్నానన్నాడో చెప్పలేను. తుడుపుకర్ర బకెట్‌లో ముంచి, పిండి, మళ్ళీ నా వైపు చూశాడు.

"ఒక్క పని చెయ్యండి. ఇకమీదట కింది అంతస్తు టాయిలెట్‌కి వెళ్ళండి. దాన్ని తుడిచే మనిషి వేరే."

నేను రిటైరయ్యేదాకా, తొమ్మిదేళ్ళు, కింది అంతస్తుకే వెళ్ళాను.