ఎలుకలకు పెట్టిన కారం

కోడలు అఖిల పొద్దున్నే కారు తీసుకుని అద్దంకి బయలుదేరిందంటే, తను పాఠాలు చెప్పే బడికి చేరానని ఫోన్ వచ్చేదాకా కోటిరత్నానికి ముద్ద దిగేది కాదు. పర్చూరు దాటాక రోడ్డు నిండా పత్తి లారీలే. దానికి తోడు ఈమధ్య కారు నడుస్తూ నడుస్తూ కుదుపులిచ్చి చచ్చుబడిపోతోంది. వెనకాల లారీ వస్తుండగా అలా అయితే? ఆపైన జరిగేది తలుచుకుంటే ఆవిడకి పట్టపగలే చెమటలు పట్టేవి.

భయానికి ఏదో ఒక పేరు పెట్టుకుంటే కాస్త ఊపిరాడుతుంది. కోటిరత్నం దానికి కోడలి డ్రైవింగు అని పేరు పెట్టుకుంది. "గేర్లు వెయ్యడం రాక ఇంజను నలిపేసిందమ్మా ఈ పిల్ల" అని ఎదురింటి వెంకటేశ్వరమ్మతో మొదలెట్టి, కల్లంలో మిరపకాయల్లో తాలు ఏరే ఆడవాళ్ళందరికీ చెప్పుకొచ్చింది. చెప్పగా చెప్పగా కొడుకు చైతన్య కూడా నమ్మాడు.

"బండిలో ఏ లోపం లేదని మెకానిక్ అంటే మాత్రం, ఇక నువ్వు బస్సులోనే పోవాలి" అని పెళ్ళానికి తెగేసి చెప్పాడు.

బస్సంటే రెండు మారాలి. బడికి వేళకి చేరడం కల్ల. అఖిల కారు తాళం తీసుకుంది. ఒంటరిగా పంపాలంటే భయమేసి కోటిరత్నం కూడా ఎక్కి కూర్చుంది. మెకానిక్ అనబోయే మాట స్వయంగా వినాలనే కోరిక కూడా లోపల ఓ మూల ఉంది.

షెడ్డులో మెకానిక్ సాదిక్ స్టీరింగు కింద ఓ చిన్న పెట్టె తగిలించి, దాని తెరకేసి కాసేపు చూశాడు.

"ఇంజన్లోకి ఎంత గాలి పోతుందో చూసే సెన్సారుంటుంది. అది తప్పు చెబుతోందక్కా. గాలి తక్కువుందనుకుని ఇంజను డీజిలు తగ్గించేస్తోంది. ఇంక బండేం లాగుద్ది?"

"అంటే బాబూ, తోలడం సరిగ్గా లేకనా?" అంది కోటిరత్నం.

"తోలడానికీ దీనికీ సంబంధమే లేదు పిన్నిగారూ."

ఆవిడకి వెంటనే కొత్త భయం పట్టుకుంది. "అది పేలదు కదా?"

"పేలడానికి అదేమన్నా గ్యాసు బండా?"

సాదిక్ సెన్సారు వైరు ఊడదీసి ఇంజను స్టార్ట్ చేసి, ఓ చుట్టు తిప్పుకొచ్చాడు. కుదుపు లేదు. "చూశారా! తప్పుడు సాక్షి నోరు మూసేసరికి ఇంజను దాని అంచనాతో అది బాగానే నడుస్తోంది" అన్నాడు.

కోటిరత్నం చీరకొంగు సర్దుకుంది.

తర్వాత అతను గాలి వడకట్టే ఫిల్టర్ డబ్బా క్లిప్పులు లాగాడు. మూత లేచీ లేవగానే గట్టిగా తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. డబ్బా అడుగంతా ఎర్రగా పొడి. ఫిల్టర్ ఒక పక్క పైకి లేచి ఉంది.

"కారం! ఈ సందులోంచి సెన్సారు దాకా పోయింది. ఇది కిట్టనోళ్ళు చేసిన పనక్కా. మీకెవరితోనన్నా గొడవలున్నాయా?"

అఖిల మొహం పాలిపోయింది. "నాతో ఎవరికి గొడవుంటుందన్నా?" అంటూ రోడ్డు వైపు చూసింది.

అది తన కారమేనని కోటిరత్నం గుర్తుపట్టింది. ఆ డబ్బాలోంచి చైతన్య ఓసారి ఎలుక గూడు తీశాడు. ఎలుకలు మళ్ళీ వచ్చి వైర్లు కొరికితే కోడలు నడిరోడ్డు మీద ఆగిపోదూ? అందుకే పత్తిగింజల బస్తాల చుట్టూ చల్లినట్టే, ఆమధ్య ఎవరూ లేనప్పుడు డబ్బా తెరిచి గుప్పెడు కారం పోసింది. క్లిప్పులు పడకపోతే పిడికిలితో గుద్ది మూసింది.

ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. తప్పు ఎవరో శత్రువు మీదికి పోతుంది. కానీ ఆ పిల్ల అప్పుడే భయంగా దారివంక చూస్తోంది. భయం మనిషినెలా తినేస్తుందో కోటిరత్నానికి ఒకరు చెప్పక్కర్లేదు.

"నేనే పోశాను. ఎలుకలకి."

సాదిక్ పగలబడి నవ్వాడు. "ఎలుకల సంగతేమో గానీ ఇంజనుకి బాగా ఘాటెక్కింది పిన్నిగారూ!"

అఖిల నవ్వలేదు. అత్తగారి మొహంలోకి ఒక్క క్షణం చూసి పక్కకు తిరిగింది. తిట్టినా బాగుండేదనిపించింది కోటిరత్నానికి.

సాదిక్ సెన్సారు విప్పాడు. లోపల వెంట్రుకంత తీగ మీద ఎర్రటి పొర. చెయ్యి తగలనివ్వకుండా దాని మీద మందు కొట్టి కడిగి, ఆరనిచ్చి బిగించాడు. డబ్బా శుభ్రం చేసి కొత్త ఫిల్టరు వేశాడు. తిరుగు దారిలో కారు ఎక్కడా తడబడలేదు.

"సాయంత్రం చైతన్యతో చెబుతాలే అమ్మాయ్."

"ఆయనొక్కరితోనేనా అత్తయ్యా?"

ఆ మాట మెత్తగానే అంది. కోడలి డ్రైవింగు గురించి ఎవరెవరితో చెప్పుకొచ్చిందో కోటిరత్నం ఊరొచ్చేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

కారు ఆగగానే ఎదురింటి గుమ్మంలోంచి వెంకటేశ్వరమ్మ కేకేసింది. "ఏమన్నాడొదినా మెకానిక్కు? పిల్ల తోలడమేనా?"

కోటిరత్నం దిగి తలుపు పట్టుకుని నిలబడింది. అఖిల ఇంజను ఆపకుండా ముందుకే చూస్తోంది.

"కాదొదినా. ఎలుకలొస్తాయని ఇంజన్లో కారం పోసింది నేనే. పిల్ల తప్పేం లేదు."

"కారమా! ఇంజన్లోనా!" వెంకటేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వాగలేదు. "ఇది కల్లంలో చెబితే పొట్టలు చెక్కలవుతాయే!"

కోటిరత్నం తల ఎత్తలేకపోయింది.

"నువ్వు చెప్పమాక వదినా. పొద్దున్నే నేనే పోయి చెబుతా."

అప్పుడు అఖిల ఇంజను ఆపింది.