చెరగకూడని గుర్తులు

నాగపూర్ ఆసుపత్రిలో గుర్తులు గీసిన ఆ పిల్ల ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. పంచె కొంచెం కిందికి జరుపుకోమని భీమన్నకు హిందీలో చెప్పింది. చల్లటి వేళ్లతో తుంటి ఎముకను తడిమి, గోడలోంచి వచ్చిపడే సన్నటి ఎర్రని వెలుగు మీద పెన్ను ఆనించి, పలక మీద మొదటి అక్షరం దిద్దినంత జాగ్రత్తగా గీసింది. కుడి తుంటి మీద ఒక ప్లస్సు, ఎడమ తుంటి మీద ఒకటి, బొడ్డు కింద ఒకటి. కుడివైపుది పలచబడిందా? పొద్దున చూసినప్పుడు ఊదారంగు బాగానే ఉంది. కానీ ఆ తర్వాత చక్కెర బస్తాలు దించాడు. చెమట పట్టింది.

"ఏంది భీమన్నా, తూకమేస్తున్నవా, పండుకున్నవా?"

కందిపప్పు కాంటా మీంచి పొంగి నేల మీద పడుతోంది. భీమన్న వంగాడు. నడుము కింద బట్ట ఒరుసుకోకుండా, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క బద్దా ఏరాడు. గల్లా దగ్గర బాలకిషన్ నాలుక చప్పరించి మొహం తిప్పుకున్నాడు.

ఆ జూన్‌లో, సరిహద్దు ఊరు విరూర్ అవతల కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఇక్కడ, సరిహద్దుకు ఇవతల, తుకుం పేటలో అనంతరావు సేటు కిరాణా దుకాణం రెండు ముక్కలవుతోంది. నడిమధ్య ప్లైవుడ్ గోడ లేస్తోంది. పెద్దకొడుకు బాలకిషన్‌కు రోడ్డు మలుపు వైపు, చిన్నవాడు రామకిషన్‌కు గుడి వైపు. కాంటాలు పంచుకున్నారు, ఫ్రిజ్జుకు బదులు నూనె డ్రమ్ములు వేసుకున్నారు. పెళ్లికి ముందు నుంచీ ఇక్కడే తూకం వేస్తున్న భీమన్న మాత్రం ఎటూ తేలలేదు.

వారం కింద అతని ఎదుటే మాట్లాడుకున్నారు.

"నువ్వు తీస్కో తమ్మీ. నమ్మకస్తుడు."

"రాయి రోగపు మనిషి నాకెందుకే అన్నా? గంటకోసారి దొడ్లెకు ఉరుకుతడు. నువ్వే పెట్టుకో."

"నాకూ వద్దు. బాపు ఉన్నన్ని దినాలు ఉండనీ."

"ఓ పని చెయ్ భీమన్నా," అని నవ్వాడు రామకిషన్. "మీ విరూర్ అవతలికి పో. కొత్త రాష్ట్రం కదా, అందరికి నౌకరీలిస్తరట."

భీమన్న కూడా నవ్వాడు. ఎవరు తన మీద నవ్వినా కలిసి నవ్వడం అతనికి చిన్నప్పటి అలవాటు. అలా నవ్వితే మాట ఒంట్లోకి దిగకుండా పైపైనే జారిపోతుందని ఎప్పుడో కనిపెట్టాడు.

మూత్రంలో రాయి అని అందరికీ తనే చెప్పాడు. భార్య లస్మవ్వకూ అదే చెప్పాడు. రాయి మర్యాదైన రోగం, ఎవరికైనా వస్తుంది. మూత్రసంచి కింద ఒక గ్రంథి ఉంటుందనీ, దాని పేరు ప్రోస్టేట్ అనీ, దానిలో క్యాన్సర్ పుట్టిందనీ నాగపూర్ డాక్టరు చెప్పినప్పుడు అతనికి భయం కంటే సిగ్గు ముందు కలిగింది. ఆ చోటి గురించి ఎవరితో ఏమని చెప్పగలడు?

కానీ అక్కడే ఒక విచిత్రం జరిగింది. ఆ పిల్ల అతని చేత నీళ్లు తాగించి, మూత్రం ఆపుకోమంది. సంచి నిండితేనే పేగు పక్కకు తప్పుకుంటుందట. చుక్క ఆపుకోలేని మనిషి, బెంచీ మీద కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు. గుండ్రటి యంత్రంలోంచి బయటికొచ్చాక ఆమె భుజం తట్టింది. "శాబాష్ బాబా." తనను ఎవరైనా అలా మెచ్చుకున్నారా అని ఇంటికొచ్చే బల్లార్షా రైల్లో దారి పొడుగునా వెతుక్కున్నాడు. ఒక్కరూ దొరకలేదు.

ఇప్పుడు ఆ యంత్రం తీసిన బొమ్మలన్నీ ముందు పెట్టుకుని డాక్టరు, మరొకాయన కంప్యూటర్ దగ్గర కూర్చుని లెక్క కట్టారట. కిరణాలు ఏ వైపు నుంచి రావాలి, దేన్ని కాల్చాలి, దేన్ని తప్పించాలి. ఇంతమంది తన లోపలి గురించి ఆలోచించారు! ఆ లెక్కంతా ఈ మూడు గుర్తులను పట్టుకునే ఉందని ఆమె చెప్పింది. గోరంత జరిగినా కిరణం రోగాన్ని వదిలి మంచి పేగును కాలుస్తుంది. నడుము కింద నీళ్లు పోసుకోవద్దు. చెరిగితే సొంతంగా గీసుకోవద్దు, ఫోన్ చెయ్యాలి, మళ్లీ మొదటి నుంచి చేస్తాం. రేపు పొద్దున రైలుబండికి వెళితే మొదటి కరెంటు, అంటే ఆ కిరణాలు పెట్టడం. గుర్తులు గీసినప్పటి నుంచీ భీమన్న తన ఒంటిని, వేరెవరిదో ఖరీదైన సామాను దాచినట్టు దాస్తున్నాడు.

మధ్యాహ్నం, మేడ మీద మంచాన ఉన్న అనంతరావు సేటుకు జావ గిన్నె తీసుకెళ్లిన పెద్దకోడలు సరోజ, ఆ గిన్నెతోనే దిగి వచ్చింది.

"మామ పలుకుతలేడు," అంది.

మేకులు కొట్టే చప్పుడు ఆగింది. కాసేపటికి పైనుంచి ఏడుపు వినబడింది. బాపు ఉన్నన్ని దినాలు అయిపోయాయని భీమన్నకు ముందు తట్టింది. ఏడుపు తర్వాత వచ్చింది.

పాడె మోయడానికి నాలుగో భుజం దగ్గర గొడవైంది. బాలకిషన్ బామ్మర్ది పట్టుకుంటే నేను పట్టనని రామకిషన్, రామకిషన్ తోడల్లుడు ముట్టుకుంటే ఊరుకోనని బాలకిషన్. చివరికి ఇద్దరి కళ్లూ ఒకేసారి ఏ వాటాలోనూ లేని మనిషి మీద పడ్డాయి.

"భీమన్నా, నువ్వు పట్టు."

పట్టాడు. ఇద్దరూ చూస్తున్నారు. ఒక్కరైనా మనసు మార్చుకుని తనను పనిలో పెట్టుకోవచ్చు. పాడెకర్ర భుజాన్ని కోస్తుంటే, రెండో చేత్తో పంచెను తుంటికి తగలకుండా ఎత్తిపట్టుకుని ఇరయి నది ఒడ్డు దాకా నడిచాడు.

చితి అంటుకున్నాక అందరూ నదిలో దిగారు. మోసినవాడు కట్టుబట్టలతో తల మునిగేలా స్నానం చేస్తే తప్ప ఇంటి గడప తొక్కకూడదు. భీమన్న ఒడ్డునే వంగి పాదాలు కడుక్కున్నాడు. దోసెడు నీళ్లు తల మీద చల్లుకున్నాడు.

"గదేందే?" అన్నాడు బాలకిషన్ నడుంలోతు నీళ్లలోంచి.

"పానం బాగలేదు సేటూ. గింతతోని సరిపెట్టుకుంట."

"బాపును మోసి, మైలతోనే మా ఇంట్లకొస్తవా?"

"దుంకు భీమన్నా," అన్నాడు రామకిషన్. "నీళ్లల్ల నానితే నీ రాయి కరిగిపోతది."

చావుకు వచ్చినవాళ్లంతా నవ్వారు. ఆ అన్నదమ్ములు కలిసి నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదలు. నాకు రాయి కాదు అనే మాట భీమన్న నాలుక చివరి దాకా వచ్చింది. మరేంది అంటారు. ఎక్కడ అంటారు. చూపియ్ అంటారు. రేపటికల్లా తుకుం అంతా ఆ చోటి గురించే మాట్లాడుతుంది. అతను రెండు చేతులూ తుంటి మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరో ముంజేయి పట్టి లాగారు. ఇంకెవరో మెడ మీద చెయ్యి వేసి ముంచారు. మట్టి నీళ్లు ముక్కుల్లోకి వెళ్లాయి. లేచి దగ్గుతూ, అలవాటు ప్రకారం, భీమన్న కూడా నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు బాలకిషన్ వెనక్కి చూడకుండానే అన్నాడు. "దినాలు అయ్యేదాక దుకాణం బంద్. తర్వాత పనుంటే కబురు చేస్తం."

"సరే సేటూ."

ఇంటి దగ్గర లస్మవ్వ పొడి పంచె అందించింది. "తడిబట్టలు ఇడువు. జొరమొస్తే రేపు నాగపూర్ ఎట్ల పోతవ్?"

చీర తెర కట్టిన మూలలో నిలబడి, గోడకున్న అద్దాన్ని కిందికి దించి చూసుకున్నాడు. ఎడమవైపు ఏమీ లేదు. బొడ్డు కింద రూపాయి బిళ్లంత ఊదా మరక. కుడివైపు ప్లస్సులో ఒక గీత సగం మిగిలింది. చాలాసేపు వేలితో తడిమాడు, చర్మం కింద ఎక్కడైనా ఉందేమోనన్నట్టు.

ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆ పిల్లే ఎత్తింది. గొంతు గుర్తుపట్టి, రేపే కదా బాబా, గుర్తులు బాగున్నాయా అని అడిగింది.

చెరిగిపోయాయంటే ఆమె తిట్టదు. నిట్టూరుస్తుంది. దుకాణంలో తూకం వేసే మనిషి, అంతే కదా అనుకుంటుంది. లోకంలో తన గురించి మంచిగా అనుకుంటున్నది ఆ ఒక్క మనిషే.

"ఉన్నాయమ్మా," అన్నాడు హిందీలో.

"శాబాష్ బాబా."

గల్లీ చివర పుస్తకాల కొట్టులో ఊదారంగు పెన్ను అడిగాడు. లేదన్నారు, నీలం ఉందన్నారు. తెచ్చుకున్నాడు.

తెర వెనుక అద్దాన్ని గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మొదట ఎముకను తడిమాడు. కొంచెం పైనా, కొంచెం కిందా? ఇక్కడే అనిపించింది. ఆ పిల్ల గీసినంత జాగ్రత్తగా మూడు ప్లస్సులూ గీసుకున్నాడు. మూడూ సమానంగా, అందంగా వచ్చాయి. పంచె కట్టుకుని, రేపటి బండికి పెందలాడే లేపమని లస్మవ్వకు చెప్పి పడుకున్నాడు.

అద్దం పక్కన, మూత పెట్టని నీలం పెన్ను ఆరిపోతూ ఉంది.