తొమ్మిదో అంతస్తుకు వేడినీళ్లు

నోరున్నాక మాట్లాడుకోవడానికి ఎదురుగా ఒక మనిషుండాలి. ఇంత చిన్న సంగతి సూరిబాబుకు అరవయ్యో ఏట, కాలిపోయిన ఒక పంపు పుణ్యమా అని తెలిసొచ్చింది.

సూరిబాబు సింగపూర్‌లో పుట్టినవాడే. తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఏ ఊరో తండ్రికే సరిగ్గా తెలియదు, ఇక ఇతనికేం తెలుస్తుంది! బెడోక్‌లో మూడు గదుల ఫ్లాట్. భార్య కుమారమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడతో పాటే ఆ ఇంట్లో తెలుగు కూడా పోయింది. కూతురు యోగిత బుకిట్ బటోక్ నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఇతను తెలుగులో అడుగుతాడు, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. మనవడు విష్ణు అయితే "తాతా, ఇంగ్లిష్ లా" అని సింగపూర్ యాసలో విసుక్కుంటాడు. వీళ్లకన్నా గోడ నయం, కనీసం ఎదురు ఇంగ్లీషు మాట్లాడదు.

ఉద్యోగం సైన్స్ పార్క్ దగ్గర తొమ్మిదంతస్తుల భవనంలో. కంప్యూటర్ కంపెనీలు ఇండియా నుంచి తెచ్చుకున్న కుర్రవాళ్ల కోసం ఆ ఫ్లాట్లన్నీ గంపగుత్తగా అద్దెకు తీసుకున్నాయి. అక్కడ కరెంటు పనంతా సూరిబాబుదే.

స్నానాలకు వేడినీళ్లు అందరికీ కింద ఉన్న ఒక్క బాయిలర్ నుంచే వెళ్లాలి. అక్కడ కాగిన నీళ్లు గొట్టాల్లో పైదాకా వెళ్లి, ఎవరూ వాడుకోకపోతే చల్లారుతూ కిందికొచ్చి మళ్లీ కాగుతాయి. వాటిని అలా ఎడతెగకుండా తిప్పేది సర్క్యులేషన్ పంపు. పంతొమ్మిదివందల తొంభైతొమ్మిది జూన్‌లో అది కాలి ఊరుకుంది. కొత్తది రావడానికి ఆరు వారాలన్నారు. కింది అంతస్తులవాళ్లకు పెద్ద తేడా తెలియలేదు. కొసనున్న తొమ్మిదో అంతస్తులో మాత్రం కొళాయి తిప్పితే పావుగంట దాకా చన్నీళ్లే.

ఆ అంతస్తులో నాలుగో ఫ్లాట్ శశికాంత్‌ది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని, వాటిని సరిచేసే పనిలో అతనూ భార్య ఉజ్వలా పొద్దున వెళితే రాత్రికి గాని కొంప చేరరు. చూసిపోదామని అనకాపల్లి నుంచి వచ్చిన తల్లి రత్తమ్మ పగలంతా ఒక్కతే. కింద ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పడానికి కొడుకు ఆవిడకోసం ఒక ఇంగ్లీషు ముక్కను తెలుగు అక్షరాల్లో రాసి, ఫోన్ పక్కన అంటించి, మూడు రోజులు వల్లె వేయించాడు. "నైన్ జీరో ఫోర్, నో హాట్ వాటర్." ఆవిడకొచ్చిన ఇంగ్లీషు అదే మొదలు, అదే చివర.

మొదటిరోజు సూరిబాబు వెళ్లి స్నానాలగదిలో కొళాయి విప్పి చూస్తుంటే, ఆవిడ వెనకాల నిలబడి తనలో తనే గొణుక్కుంది, ఈ మడిసికి సెప్తే మాత్రం ఏటి తెలుస్తాదని.

అతను చేతిలో స్పానరుతోనే వెనక్కి తిరిగాడు.

"తెలుస్తాదప్పా. నాను మనోణ్నే."

అక్కను అప్పా అనడం అచ్చంగా ఆవిడ వైపు పిలుపు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ కాఫీ కలపడానికి వెళ్లింది.

ఇక అప్పటినుంచి రోజూ పదకొండింటికి కింద ఫోన్ మోగడం, సూరిబాబు సంచీ తీసుకుని పైకెళ్లడం. కొళాయి వదిలి పెట్టి నీళ్లు వేడెక్కేదాకా కూర్చునేవాడు. నీళ్లు పారబోయడం పాపమని రత్తమ్మ కింద బకెట్లు పెట్టేది. అతని తెలుగు తాత దిగిన నాటిదే, మధ్యలో మలాయి, తమిళం దొర్లుతుంటాయి. భోంచేశావా అనడానికి బదులు 'మకాన్ అయిందా' అంటే ఆవిడ పడీపడీ నవ్వేది. ఆవిడ బెల్లం మార్కెట్ గురించి, నూకాలమ్మ జాతర గురించి చెప్పేది. కుమారమ్మ ఆఖరి రోజులు ఎలా గడిచాయో అతను మొట్టమొదటిసారి ఒక మనిషికి తెలుగులో చెప్పుకున్నాడు. చెప్పి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. పావుగంటలో నీళ్లు వేడెక్కేవి. కాఫీ, కబుర్లూ ముగిసేసరికి ముప్పావుగంటయ్యేది.

ఆరో వారం కొత్త పంపు రానే వచ్చింది. పెట్టె విప్పుతూ విప్పుతూ సూరిబాబు ఆగిపోయాడు. ఇది తిరిగిందంటే ఫిర్యాదు ఉండదు. ఫిర్యాదు లేనిదే పనివాళ్లు ఫ్లాట్లలో అడుగుపెట్టకూడదని అక్కడ గట్టి నియమం.

మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశాడు. టెస్టర్‌తో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. పచ్చా పసుపూ చారల తీగ ఎర్త్‌కు, నల్లది న్యూట్రల్‌కు బిగించాడు. మిగిలింది ఎర్ర తీగ. సూపర్‌వైజర్ లిమ్ గీసిచ్చిన కాగితం ప్రకారం దాన్ని థర్మోస్టాట్‌కు కలపాలి. అలా కలిపితే గొట్టం చల్లారిన ప్రతిసారీ పంపు దానంతటదే తిరుగుతుంది. పక్కనే టైమర్ ఉంది. దానికి కలిపితే ఆఫీసులకు వెళ్లే వేళ, వచ్చే వేళ తప్ప పంపు తిరగదు. అంటే పదకొండింటికి తొమ్మిదో అంతస్తులో మళ్లీ చన్నీళ్లే. పొద్దునా సాయంత్రమూ నీళ్లొస్తే ఈ భవనంలో ఇంకెవడు అడుగుతాడు?

ఎర్ర తీగను టైమర్‌కు బిగించి మూత పెట్టేశాడు. ముప్పై ఎనిమిదేళ్ల పనిలో తెలిసి తెలిసి చేసిన తప్పుడు పని అదొక్కటే.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. ఉబలాటంగా పైకి పరుగెత్తాడు. ఆవేళ రత్తమ్మ కుంటుతూ వచ్చి తలుపు తీసింది. కుడి పాదం మీద ఎర్రగా బొబ్బలెక్కి ఉంది. ఏమైందని అడిగితే, ఏమీ లేదంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, నిన్న పొయ్యిమీద కాచిన నీళ్లు గిన్నెతో స్నానాలగదికి మోస్తుంటే తొణికాయని.

"రోజూ కొళాయిలో రప్పిస్తన్నాను కదప్పా, మల్లీ కాయడమేటి?"

"నువ్వు కాఫీ తాగి ఎల్లేసరికి అయ్యి సల్లారిపోతాయి తమ్ముడూ. అందుకే కాసుకుంటాను."

"మరి ఒక్కనాడూ సెప్పలేదేటి?"

"సెప్తే, నీళ్లు రాగానే కాఫీ తాక్కుండా ఎల్లిపోతావు."

సూరిబాబుకు దొంగకు తేలు కుట్టినట్టయింది. కాఫీ పక్కన పెట్టేశాడు. ఇన్నాళ్లూ తన ఒంటరితనమొక్కటే లోకంలో ఉందనుకున్నాడు, ఛీ! లేచి, ఇయాల్టితో బాగైపోద్దప్పా అని చెప్పి కిందికి దిగాడు. మెయిన్ ఆపి, మూత విప్పి, ఎర్ర తీగను టైమర్ నుంచి పీకి థర్మోస్టాట్‌కు కలిపాడు. స్విచ్ వేయగానే పంపు సన్నగా రొద పెట్టింది. అరగంటలో పైనుంచి తిరిగొచ్చే గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది.

ఫోన్ ఆగిపోయింది. ఒక వారం, రెండు వారాలు. పదకొండయ్యేసరికి అతని చెయ్యి దానంతటదే సంచీ మీదికి పోయేది. వెళ్లి గొట్టం ముట్టుకుని చూసేవాడు. వేడిగానే ఉండేది. పంపు చెడిపోవాలని దేవుడికి మొక్కుకోలేదు గాని, మొక్కుకోవాలని మాత్రం అనిపించింది. మధ్యాహ్నం తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో వందమంది మధ్య కూర్చుని అన్నం తింటుంటే కూడా ఒంటరిగానే ఉండేది.

మూడో వారం గురువారంనాడు పదకొండింటికి ఫోన్ మోగింది.

"నైన్ జీరో ఫోర్. నో హాట్ వాటర్."

సూరిబాబు పంపు చూశాడు, తిరుగుతోంది. గొట్టం ముట్టుకున్నాడు, కాలింది. కంగారుగా పైకెళ్లి తిన్నగా స్నానాలగదిలో కొళాయి తిప్పాడు. తిప్పీ తిప్పగానే పొగలు కక్కుతూ నీళ్లు!

హాల్లోకి వచ్చి చూస్తే రెండు సూట్‌కేసులు తాళ్లు కట్టి ఉన్నాయి. రత్తమ్మ కొత్త చీర కట్టుకుని, రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకుని కూర్చుంది.

"నీళ్లు బాగానే వత్తన్నాయి కదప్పా?"

"వత్తన్నాయి. సాయంత్రం ఇమానానికి ఎల్లిపోతన్నాను తమ్ముడూ. ఫోనెవులు తీత్తారో ఏటో, నిన్ను పిలవడానికి నాకొచ్చిన ఇంగ్లీసు అదొక్కటే."

అతను కూర్చుని కాఫీ తాగాడు. లేచేటప్పుడు ఆవిడ కాగితంలో చుట్టిన బెల్లం అచ్చు ఒకటి చేతిలో పెట్టింది. అతను వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాడు, బొబ్బ మానిన మచ్చ కనబడింది.

కిందికొచ్చి ఫిర్యాదుల పుస్తకం తీశాడు. తేదీ వేశాడు. ఫ్లాట్ నంబరు రాశాడు. బాగుచేశాక 'ఓకే' అని రాసే చోటు మాత్రం ఖాళీగా వదిలేశాడు. సాయంత్రం లిమ్ పుస్తకం చూసి, తొమ్మిదో అంతస్తులో వేడినీళ్లు వస్తున్నాయా లేదా అని అడిగాడు.

వస్తున్నాయన్నాడు సూరిబాబు. ఆ గడి మాత్రం నింపలేదు.